రాజబాబు చేతివంట

తొంభైల్లో కొత్తపేట, అమలాపురం, రాజోలు చుట్టుపక్కల పెళ్లి కుదిరితే, పంతులుగారి తరవాత కబురు వెళ్లేది వంటమేస్త్రి రాజబాబుకే. శుభలేఖలు అచ్చుకాకముందే అతని తేదీ పట్టుకోవాలి. ఎన్ని వందల విస్తళ్లు లేచినా కూర చాలలేదన్న మాట రానిచ్చేవాడు కాదు, మిగిలి కాలవలో పారబోసిన రోజూ లేదు. అతని పనసపొట్టు కూర ఉందని తెలిస్తే పిలవని పెళ్లికైనా వెళ్లొచ్చని జనం సరదాగా అనుకునేవారు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట కంటే ముందు చేతులు కదిలేవి. నడకలో ఒక ఊపు ఉండేది. గాడిపొయ్యి ముందు నిలబడితే భుజం మీది తువ్వాలు పైటలా అడ్డంగా తిప్పి నడుములో దోపుకునేవాడు. నుదుట చిన్న కుంకుమబొట్టు. ఎదురుగా 'మేస్త్రీ' అని పిలిచేవాళ్లే అటు తిరిగి 'ఆడంగి రాజబాబు' అనుకునేవారు. రెండు పేర్లూ అతనికి తెలుసు. జట్టులో కూరలు తరిగే బుజ్జమ్మకి ఒళ్లు మండేది గాని, అతను మాత్రం నవ్విన నోళ్లే మళ్లీ మారు వడ్డన అడుగుతాయని తేలిగ్గా తీసిపారేసేవాడు.

తండ్రి అల్లవరం తోటల్లో కొబ్బరి దింపులు తీసేవాడు. తమ్ముడికి ఆ పని ఇట్టే పట్టుబడింది. రాజబాబు చెట్టు సగం ఎక్కేసరికి కళ్లు మూసుకుని మానుకి కరుచుకుపోయేవాడు. తల్లి అప్పాయమ్మే చూడలేక, తోటకి పంపొద్దని మొగుడితో దెబ్బలాడి, వంటల జట్టులో చేర్పించింది. పదేళ్లు తిరిగేసరికి జట్టు అతనిదైంది.

ఇరవయ్యైదో ఏట పెళ్లి మాట వచ్చింది. కె.గంగవరం వైపు ఒక సంబంధం ఖాయం చేసుకోవడానికి వెళ్లే ముందురోజు, అతను తల్లి ఒక్కర్తే ఉన్నప్పుడు పక్కన కూర్చుని, "అమ్మా, ఒక ఆడపిల్లని తెచ్చి నాకు కట్టబెట్టి ఆ ఉసురు పోసుకోకే. నా తీరు అది కాదు" అన్నాడు. అప్పాయమ్మ చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండిపోయింది. మర్నాడు పెళ్లిళ్ల పేరయ్యకి జాతకంలో దోషం ఉందని చెప్పి పంపేసింది. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

అప్పటికే అతని జీవితంలో ఆంజనేయప్రసాద్ ఉన్నాడు. రాజోలు దగ్గరవాడు, కొబ్బరికాయల లారీ డ్రైవరు. పెళ్లివంటల గుండిగలు, గంగాళాలు ఊరినించి ఊరికి చేరవేయడానికి ఆ లారీనే మాట్లాడేవారు. సామాను దింపాక కూడా లారీ కదిలేది కాదు. ఏడేళ్లు అలా గడిచాయి. ఇద్దరూ ఏ మాటా ఎవరికీ చెప్పుకోలేదు, ఎవరూ అడగలేదు. తొంభైయారులో ఆంజనేయప్రసాద్‌కి ఇంట్లోవాళ్లు సత్యప్రియ అనే పిల్లనిచ్చి పెళ్లి చేశారు. ఆ పెళ్లికి వంట రాజబాబే చేశాడు. చెయ్యనంటే ఎందుకో చెప్పాలి కదా. ఆ రోజు ఉప్పు సరిపోయిందో లేదో తనకి తెలియలేదని, బుజ్జమ్మ చేత రుచి చూపించుకున్నానని చాలా ఏళ్లకి ఎవరితోనో అన్నాడు.

రెండువేల ఒకటిలో ఆంజనేయప్రసాద్ చనిపోయాడు. టీబీ అన్నారు. మరుసటి ఏడు వానాకాలంలో రాజబాబుకి జ్వరం పట్టుకుని నెల రోజులైనా వదల్లేదు. డాక్టరు రాసిచ్చిన రక్తపరీక్ష అమలాపురంలో ఒక ప్రైవేటు ల్యాబులో చేయించుకున్నాడు. అక్కడ పనిచేసే హేమంత్ అనే కుర్రాడు కాగితం కవర్లో పెట్టి చేతికిస్తూ అతని మొహం ఒకసారి, వేళ్లు ఒకసారి చూశాడు. హెచ్.ఐ.వి. ఉందని కాగితంలో ఉంది.

తన పనేమిటో చెప్పి, రాజబాబు ఆ డాక్టరుని ఒక్కటే అడిగాడు, వంట చేయొచ్చా అని. తుమ్మినా, తాకినా, వండినా ఇది అంటుకోదని, పొయ్యి మీద ఉడికే దాంట్లో అసలు బతకదని ఆయన విడమరిచి చెప్పారు. అయినా రాజబాబు ఆనాటినించి కత్తిపీట ముట్టలేదు. తరుగుడంతా బుజ్జమ్మకి, జట్టులోనే ఉన్న అప్పలస్వామికి వదిలేశాడు. మురమళ్ళ గుడిలో కల్యాణాలకి వెళ్లినప్పుడు కలుసుకుని ఒకరినొకరు అక్కా అని పిలుచుకునే తనలాంటివాళ్లు నలుగురైదుగురు ఉండేవారు. వాళ్లలో ఒకరికి నమ్మి చెప్పాడు. తరవాతిసారి వెళ్తే, అతను రావడం చూసి తక్కినవాళ్లు అవతలి కొట్ల వరసలోకి తప్పుకున్నారు. ఇక ఎవరికీ చెప్పకూడదని నిశ్చయించుకున్నాడు. బుజ్జమ్మకి కూడా.

రెండువేల మూడు ఫాల్గుణంలో కొత్తపేట అవతల ఒక పల్లెలో, సుబ్రహ్మణ్యేశ్వరరావుగారని పెద్ద రైతు, కూతురు పద్మశ్రీ పెళ్లికి వంట ఒప్పగించారు. ముహూర్తం పది నలభైకి. భోజనాలు ఎనిమిది వందల మందికి. తొమ్మిది దాటేసరికి పులిహోరకి అన్నం ఆరబోసి ఉంది, ముక్కల పులుసు దింపారు, బూరెలు సగం వేగాయి, పొట్టుకూర ఆఖరి మగ్గుడులో ఉంది.

మగపెళ్లివారి విడిదికి మంచినీళ్ల బిందె కావాలని ఒక కుర్రాడు వంటల పందిట్లోకి వచ్చాడు. రాజబాబు తలెత్తి చూశాడు. ల్యాబులో హేమంత్. పెళ్లికొడుకుకి పెద్దమ్మ కొడుకట.

ఇద్దరి చూపులూ కలిశాయి. హేమంత్ బిందె సంగతి మరిచిపోయి రెండడుగులు వెనక్కి వేసి, విడిది వైపు గబగబా వెళ్లిపోయాడు.

రాజబాబు గరిటె ఆపలేదు. ఆపితే బూరెలు మాడతాయి. విడిది తలుపు మాత్రం ఓరకంట చూస్తూనే ఉన్నాడు. ఒకాయన బయటికొచ్చి పెళ్లిపందిరి వైపు వెళ్లాడు. ఏదో పనిమీదై ఉంటుందిలే అనుకున్నాడు. కాసేపటికి రావుగారిని వెంటబెట్టుకుని ఆయన మళ్లీ లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. పారిపోదామా అనిపించింది. పారిపోతే జట్టు ఆరుగురినీ జనం మధ్యలో వదిలి పోవాలి. వాయి తరవాత వాయి బూరెలు తీస్తున్నాడు. చెమట నూనెలో పడుతుందేమోనని మాటిమాటికీ మొహం తుడుచుకుంటుంటే, ఒంట్లో బాగాలేదా అని బుజ్జమ్మ అడిగింది. వేడి అన్నాడు.

తలుపు తెరుచుకుని ముగ్గురు వచ్చారు. ముందు రావుగారు, వెనక పెళ్లికొడుకు మేనమామ, ఆయన వెనక హేమంత్.

"రాజబాబూ, పొయ్యి దగ్గర్నించి కాస్త ఇలా రా" అన్నారు రావుగారు.

"ఆయ్, వస్తున్నానండి." గరిటె అప్పలస్వామి చేతికిచ్చి వచ్చాడు.

రావుగారు గొంతు పెంచలేదు. "ఈ అబ్బాయి ఒక మాట చెప్పేడు. నీకు ఆ జబ్బుందంట. అబద్ధమైతే అబద్ధమని చెప్పెయ్. నేను నీ మాటే నమ్ముతాను. మా అక్కయ్యగారి అమ్మాయి పెళ్లికీ నువ్వే చేసేవు."

ఆయనకి కావలసింది ఆ ఒక్క మాటేనని రాజబాబుకి అర్థమైంది. కాదండి అంటే చాలు. ఆయన వెనక్కి తిరిగి వియ్యాలవారికి నచ్చజెప్పుకుంటారు, పెళ్లి జరిగిపోతుంది. హేమంత్ మాట తేలిపోతుంది. నడుములో దోపిన తువ్వాలుకి చేతులు తుడుచుకున్నాడు.

"కాయితం నా చేత్తో ఇచ్చేనండి" అన్నాడు హేమంత్, నేల చూస్తూ.

మేనమామ చేతులు చూపించమన్నాడు. రాజబాబు రెండు చేతులూ ముందుకి చాచి, అటూ ఇటూ తిప్పి చూపించాడు. ఎక్కడా గాటు లేదు. పాత నూనె మచ్చలు తప్ప ఏమీ లేవు.

అది చూసి బుజ్జమ్మ కత్తిపీట ముందునించి లేచి వచ్చింది. మొగుడు పోయాక ఒక్కగానొక్క కొడుకుని పెట్టుకుని బతుకుతున్న మనిషి. ఆ కుర్రాడు మొన్ననే మెదడువాపు జ్వరం వచ్చి చావు తప్పి బయటపడ్డాడు.

"ఏవండీ, పన్నెండేళ్లనించి ఒకే గిన్నెలో తింటున్నాం. అతనికుంటే ముందు నాకు రావాలి కదండీ. అతని నడక చూసి ఎవరికి తోచింది వాళ్లంటారు. అతనికి ఏ రోగం లేదు. కావాలంటే నా కొడుకు మీద ఒట్టేసి..."

ఆమె చెయ్యి పైకి లేచింది. రాజబాబు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు బుజ్జమ్మా. ఒట్టెయ్యకు." తరవాత రావుగారి వైపు తిరిగాడు. "నిజమేనండి బాబుగారూ."

బుజ్జమ్మ తన చెయ్యి మెల్లిగా విడిపించుకుంది.

వండిందంతా పారబోయించమన్నాడు మేనమామ. ముహూర్తానికి ముప్పావు గంట ఉంది. ఎనిమిది వందల మందికి ఇప్పుడెక్కడినించి తేవాలని రావుగారు తలపట్టుకున్నారు. రాజబాబు చేతులు కట్టుకుని, వంట వల్ల ఇది రాదని డాక్టరుగారు చెప్పారండి, పరీక్షలు చేసే అబ్బాయి కదా, ఇతన్నే అడగండి అన్నాడు. రావుగారూ, మేనమామా హేమంత్ వైపు చూశారు.

అతను తడబడ్డాడు. "అలా రాదనే అంటారండి" అన్నాడు చివరికి.

ఆ మాట దొరకడంతో పెద్దవాళ్లిద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. పందిరి వెనక్కి వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడుకుని వచ్చారు. సంగతి ఈ పందిరి దాటకూడదు. వంట వడ్డిస్తారు. రాజబాబు మాత్రం ఈ క్షణమే వెళ్లిపోవాలి, వీధివైపు నించి కాదు, తోటలోంచి కాలవగట్టు మీదికి. ఎవరైనా అడిగితే తల్లికి బాగాలేదని కబురొచ్చిందని చెప్తారు.

రాజబాబు తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ బుజ్జమ్మ వైపు చూడలేక, గుండిగ వైపు చూస్తూ చెప్పాడు. "పొట్టుకూర దింపి చల్లారేకే ఆవ కలుపు. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కిపోద్ది. పులిహోరకి పోపు ఇంకా పెట్టలేదు."

కాలవగట్టు మీద నాలుగు కిలోమీటర్లు నడిచాడు. సగం దూరంలో మేళం ఒక్కసారిగా గట్టిగా వినిపించింది. తాళి కడుతున్నారన్నమాట. అప్పుడు తనకి ఏడుపు రాలేదనీ, అప్పలస్వామి మంట తగ్గించాడో లేదోనన్న ఆలోచనే తిరిగిందనీ తరవాత చెప్పుకున్నాడు.

ఎనిమిది వందల మందీ తిన్నారు. పొట్టుకూర మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్నారు. సంగతి తెలిసిన ముగ్గురు మాత్రం తలనొప్పనీ, పైత్యమనీ చెప్పి అరటిపళ్లు తిని లేచారు.

పందిరి దాటకూడదన్న మాట వారం తిరక్కుండానే అమలాపురం బస్టాండుకి చేరింది. పెళ్లిలో తిన్న ఎవరికో విరేచనాలు పట్టుకున్నాయి, అది రాజబాబు ఖాతాలో పడింది. భయపడినవాళ్లు వరసకట్టి రక్తపరీక్షకి వెళ్లారు. చాలామంది వెళ్లింది హేమంత్ పనిచేసే ల్యాబుకే. ఒక్కరికీ ఏమీ లేదని తేలింది. ఆ ముక్క మాత్రం ఏ బస్టాండులోనూ ఎవరూ చెప్పుకోలేదు.

చైత్ర, వైశాఖాలకి ఒప్పుకున్న పెళ్లిళ్లన్నీ ఒక్కొక్కటే జారిపోయాయి. జట్టు విడిపోయింది. బుజ్జమ్మ ఒకసారి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. వేరే మేస్త్రి జట్టులో చేరుతున్నానని, తనతో మాట్లాడినట్టు తెలిస్తే వాళ్లు రానివ్వరని చెప్పింది. వెళ్లబోతూ ఆగింది.

"నాకు ముందే చెప్పుంటే బాగుండేది. ఒట్టు జోలికి పోకుండా శుభ్రంగా అబద్ధం చెప్పి ఉండేదాన్ని" అంది.



ఒక మధ్యాహ్నం నలుగురు మోటారుసైకిళ్ల మీద వచ్చారు. రాజబాబు లోపలి గదిలో ఉన్నాడు. తమ్ముడు బయట అరుగు మీద ఉన్నాడు. వాళ్లు కేకలు పెట్టలేదు. ఊళ్లోవాళ్ల మాట చెప్పడానికి వచ్చామన్నారు. ఇన్నాళ్లూ ఆడంగి వేషాలు వేస్తే నవ్వుకుని ఊరుకున్నాం, ఆ వేషాల వల్లే ఈ రోగం తెచ్చి ఊరి నోట్లో పెట్టాడన్నారు. అతను ఇక్కడుంటే మీ తోటపనులు కూడా పోతాయన్నారు. నిన్నటిదాకా నవ్వులాటగా ఉన్న నడకే ఇవాళ నేరమైంది. గోడకి ఆనుకుని రాజబాబు అన్నీ విన్నాడు. తమ్ముడు ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాడు. తమ్ముడు ఏమీ అనలేదు. అప్పాయమ్మ మాత్రం వాకిట్లోకి వచ్చి, మీ అందరి ఇళ్లల్లో వాడు వండినప్పుడు బాగానే తిన్నారు కదా నాయనా అంది. వాళ్లు ఆమెకి దణ్ణం పెట్టి మరీ వెళ్లారు.

సాయంత్రం బస్సుకి రాజబాబు సంచీ సర్దుకున్నాడు. తల్లి వెంట వస్తానంది. వద్దన్నాడు. తమ్ముడి పిల్లలు చిన్నవాళ్లు, ఆమె లేకపోతే ఆ ఇల్లు నడవదు.

సముద్రం వైపు రొయ్యల చెరువుల దగ్గర పాకల్లో కూలీలకి వండే మనిషి కావాలంటే చేరాడు. పేరు వీరన్న అని చెప్పాడు. మనిషి తీరు దాచాలని నడక మార్చుకున్నాడు, మాట తగ్గించుకున్నాడు, బొట్టు మానేశాడు. చెరువుల మీద మేత చల్లే కుర్రాళ్లు తనవైపు చూసి గుసగుసలాడినప్పుడల్లా వీపు తిప్పేసి గిన్నెలు తోమడం మొదలెట్టేవాడు. కొత్త మనిషి ఎవరు వచ్చినా, ఏ ఊరునించి వచ్చాడో ముందు కనుక్కునేవాడు. కొత్తపేట అంటే ఆ పూట పాకలోంచి బయటికి వచ్చేవాడు కాదు. అలా రెండేళ్లు లాక్కొచ్చాడు. అప్పుడు టీబీ వచ్చింది. బియ్యం డబ్బా వెనక దాచుకున్న మందులు చూసి సూపర్‌వైజరు వాటితో ఉన్న ఆసుపత్రి చీటీ చదివించాడు. రెండు జబ్బుల పేర్లూ అందులో ఉన్నాయి. అతను తిట్టలేదు, కొట్టలేదు. పాకలోంచి సంచీ తెచ్చి గట్టు మీద పెట్టి, రాజబాబు వెళ్లిపోయేదాకా ఇటు తిరగలేదు. రాజబాబు గట్టు దిగాక వెనక్కి చూస్తే, తను వండిన గిన్నెలు చెరువులోకి విసిరేస్తున్నారు.

రెండువేల ఆరులో కాకినాడ పెద్దాసుపత్రిలో ఈ జబ్బుకి ఉచితంగా మందులిస్తున్నారని విన్నాడు. అప్పటికి నలభై కిలోలున్నాడు. మందులు మొదలైన నాలుగో నెలలో, వరసలో నిలబడి ఉండగా ముందున్న ఆడమనిషి వెనక్కి తిరిగింది. ఆంజనేయప్రసాద్ భార్య సత్యప్రియ. పదేళ్లలో ఆమె మొహంలో బుగ్గలు పోయాయి.

"మా పెళ్లికి వంట నువ్వే కదూ?" అంది.

"ఆయ్, నేనేనండి."

ఆమె వరస వదిలి పక్కకి రమ్మని సైగ చేసింది. మెట్ల మీద కూర్చుంది. అతను నిలబడే ఉన్నాడు. ఆయన లారీ దిగి ఎక్కడికి వెళ్లేవాడో తనకి తెలుసని, పెళ్లయిన ఆరు నెలలకే తెలుసని చెప్పింది. జబ్బున్న ఆడవాళ్లమంతా రాజోలులో ఒక సంఘంగా కలుస్తామని, మీలాంటివాళ్ల వల్లే మా మొగుళ్లు పోయారని అక్కడ అనుకుంటామని కూడా దాచకుండా చెప్పింది. తరవాత అడిగింది.

"ఆయనకి నీ వల్ల వచ్చిందా, నీకు ఆయన వల్ల వచ్చిందా?"

"తెలీదండి. ఆయన లారీ మీద ఎన్నో ఊళ్లు తిరిగేవారు. నేనూ ఆయన ఒక్కరితోనే ఉన్నానని మీకు అబద్ధం చెప్పలేను. నాకూ తెలుసుకోవాలని ఉంటాది. కాని తెలీదు."

సత్యప్రియ లేచి వరసలో చివరికి వెళ్లి నిలబడింది. రాజబాబు ఆమె వెనక నిలబడ్డాడు. ఆ రోజు ఇద్దరూ ఒకే బస్సులో యానాం వంతెన మీదుగా వచ్చారు, మాట్లాడుకోకుండా. తరవాతి నెల మాట్లాడుకున్నారు. ఒక ప్రైవేటు బడిలో ఆయా పనిలో చేరానని, సంగతి తెలిసిన రోజు పిల్లల ముందే బయటికి పంపారని చెప్పింది. ఆమె అతన్ని క్షమించిందో లేదో ఎవరికీ తెలియదు, ఆమె ఎప్పుడూ ఆ మాట వాడలేదు. కాని మూడో నెలలో ఒక కబురు తెచ్చింది. రాజోలులో తమ వీధిలో వీరాయమ్మగారి టిఫిన్ కొట్టు ఉంది, మాస్టరు కువైట్ వెళ్లిపోయాడు, మనిషి కోసం చూస్తున్నారు.

"తెలీకుండా మాత్రం చేరకు. నేనలాగే చేరి అంత పనీ చేయించుకున్నాను" అంది.

రాజబాబు మూడు రోజులు ఆలోచించాడు. రెండుసార్లు దాచి రెండుసార్లూ పోగొట్టుకున్నాడు. చెప్తే అసలు దొరకనే దొరకదు. అయినా వెళ్లాడు.

వీరాయమ్మకి యాభైయయిదేళ్లుంటాయి. మొగుడు పోయాక పదిహేనేళ్లుగా కొట్టు ఒంటిచేత్తో నడుపుతోంది. ఏం పని వచ్చని అడిగింది.

"వంట వచ్చండి. కాని పిన్నిగారూ, ముందు చెప్పాల్సింది రెండు ముక్కలున్నాయండి. విన్నాక పొమ్మంటే పోతాను." జబ్బు సంగతి చెప్పాడు. గోడమీది క్యాలెండరు చూస్తూ చెప్పాడు. "రెండోదండి, నాకు పెళ్లి లేదు, చేసుకోను. నా తీరు ఇంతే. జనం నవ్వుతారు."

"అది నువ్వు నడిచొస్తుంటేనే తెలిసింది గాని, మొదటిది మళ్లీ చెప్పు" అంది వీరాయమ్మ.

ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. చెయ్యి తెగితే ఏం చేస్తావంది. వంట ఆపి కట్టు కట్టుకుంటానండి, ఎవరికి తెగినా చేసేది అదే కదండి అన్నాడు. దగ్గొస్తే, ఎంగిలి తగిలితే, నీళ్లలో పడితే అంటూ అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాడు. నాలుగు రోజులాగి రమ్మంది. ఆ నాలుగు రోజులూ అతను సత్యప్రియ వాళ్ల ఇంటి వసారాలోనే గడిపాడు.

నాలుగో రోజు వెళ్తే వీరాయమ్మ రోలు చూపించింది. "మా వీధి ఆరెంపీని అడిగేను, సర్కారు డాక్టరమ్మనీ అడిగేను. ఇద్దరూ ఒకే మాట చెప్పేరు. ఏ జ్వరానికీ వాళ్లిద్దరూ ఒకే మాట చెప్పగా నేను వినలేదు. అందుకని నమ్ముతున్నాను. పప్పు నానబెట్టు."

ఆమె దయతలచి తీసుకోలేదు. మూడు వారాలుగా కొట్టు మూతపడి ఉంది, పెసరట్టు వేసే చెయ్యి కావాలి. అదే మాట అతనితోనూ అంది. రాజబాబుకి అదే నచ్చింది.

పదకొండు రోజులు బాగానే సాగింది. పన్నెండో రోజు రొయ్యల మేత బస్తాలు దింపే మనిషొకడు టిఫిన్‌కి వచ్చి, పొయ్యి దగ్గరున్నది చెరువుల పాకలోని వీరన్నేనని గుర్తుపట్టి, చెయ్యి కడుక్కోకుండానే లేచిపోయాడు. మర్నాడు బల్లలు ఖాళీ. రుబ్బిన పిండి పులిసిపోయింది. సంచీ సర్దుకుంటానని రాజబాబు అంటే వీరాయమ్మ కసిరింది. "నువ్వెళ్లిపోతే వాళ్లన్నది నిజమని నేనొప్పుకున్నట్టే. సగం పిండే రుబ్బు" అంది. ఆ వారం సగం రుబ్బాడు. పై వారం పావు.

ఆ తరవాత వీధిలో కొట్లవాళ్లు అయిదుగురు వచ్చారు. ముందు నిలబడింది ఎదురుగా ఉన్న బట్టలకొట్టాయన. రాజబాబు పొయ్యి దగ్గరే ఉన్నాడు. ఈసారి దాక్కోవడానికి లోపలి గది లేదు. అతన్ని పంపించకపోతే సర్పంచిగారితో చెప్పి కొట్టు ఎత్తించేస్తామన్నట్టు మాట్లాడారు. బట్టలకొట్టాయన అసలు మాట అడిగాడు, ఆ జబ్బున్న మాట నిజమేనా అని.

వీరాయమ్మ జవాబు చెప్పేలోపే రాజబాబు అట్లకాడ పక్కన పెట్టి ముందుకి వచ్చాడు. "నిజమేనండి. పిన్నిగారికి మొదటిరోజే చెప్పేను. మందులు వాడుతున్నాను. మీకు తినాలని లేకపోతే మానెయ్యండి, తప్పులేదు. వండటం మాత్రం నన్ను మానమనకండి. నాకు వేరే పని రాదు." అతను వెనక్కి వెళ్లలేదు.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాచినవాడి గుట్టు బయటపెట్టడానికి వచ్చారు. అతనే చెప్పేస్తే తరవాత ఏమనాలో వాళ్లకి తోచలేదు. మా కొట్లలో పనివాళ్లెవరూ ఇటు రారని ఒక మాట అనేసి వెళ్లిపోయారు. వీరాయమ్మ వాళ్ల వెనకాల, సర్కారు డాక్టరమ్మ అడ్రసు కావాలంటే ఇస్తానంది.

కొట్టుని నిలబెట్టింది ఊరివాళ్లు కాదు, బస్సులవాళ్లు. డ్రైవర్లు, కండక్టర్లు వేరే ఊళ్లవాళ్లు, పొద్దున్నే ఆకలి మీద దిగేవారు. వాళ్లు తింటుంటే రెండు నెలలకి ఒకరో ఇద్దరో ఊరివాళ్లు కూర్చున్నారు. ఏడాది తిరిగేసరికి బల్లలు మూడొంతులు నిండేవి. బట్టలకొట్టాయన మాత్రం ఎప్పుడూ రాలేదు. పార్సెలు కట్టించుకుని, ఇంటికెళ్లి పారేస్తున్నారో తింటున్నారో తెలియనివాళ్లూ కొందరు ఉండేవారు. పెళ్లివంటకి మళ్లీ ఎవరూ పిలవలేదు. రాజబాబు బొట్టు మళ్లీ పెట్టుకున్నాడు. తువ్వాలు మళ్లీ పైటలా దోపుకున్నాడు.

నెలకోసారి మందుల కోసం అతనూ సత్యప్రియా కాకినాడ బస్సెక్కేవారు. ఆ రోజు కొట్లో పెసరట్టు ఉండేది కాదు, వీరాయమ్మ తనకొచ్చిన ఉప్మా చేసి పెట్టేది. రాజబాబు ఏడని ఎవరైనా అడిగితే, మందులకి వెళ్లేడని ఉన్నమాటే చెప్పేది. రెండువేల తొమ్మిదిలో ఒకనాడు రాజోలు డిపో కండక్టరొకాయన ఆ ఉప్మా రెండు ముద్దలు తిని ప్లేటు పక్కకి జరిపాడు.

"అమ్మగారూ, ఆ మందులేవో రెండు నెలలకి సరిపడా ఒకేసారి ఇవ్వరాండి?" అన్నాడు.

"అడుగుతున్నాడు. ఇవ్వరంట" అంది వీరాయమ్మ, అతని గ్లాసులో నీళ్లు పోస్తూ.